హైదరాబాదు నుంచి డల్లాసు: కిలోమీటర్లెన్ని, గంటలెన్ని?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



నెల క్రితం కార్యదర్శిగారు ఫోను చేసి, "మన సభ్యుల్లో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి వస్తున్నారు. వెళ్ళబోయేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది అని. మీరు వెళ్ళి వచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను వక్తను కాను. ముప్ఫై నాలుగేళ్ళు బండ్లను పంపించి, రప్పించి బతికినవాణ్ణి. దూరం, టైము అన్న రెండు మాటలు తప్ప నాకు వేరే విద్య రాదు. అందుకని ఒప్పుకున్నాను.

మేము డల్లాసుకు బయలుదేరే ముందు ఇద్దరు నన్ను దూరం గురించి అడిగారు. ఒకరు మా అన్నయ్య. ఆయన గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. "ఎన్ని కిలోమీటర్లురా?" అన్నాడు. పద్నాలుగు వేల నాలుగు వందలని చెప్పాను. ఆయన కాసేపు వేళ్ళు లెక్కపెట్టి, "మన గూడ్సు బండి అయితే ఇరవై నాలుగు రోజులు. లూపు లైన్లో పడేస్తే నెల" అని నవ్వాడు. రెండోది మా ఇంటావిడ. ఆవిడ కిలోమీటర్లు అడగలేదు. "ఎన్ని గంటలు?" అంది. ఇద్దరూ అడిగింది ఒకటేనని అప్పుడు అనుకున్నాను. కాదని తరువాత తెలిసింది. ఆ సంగతే ఈరోజు మీకు మనవి చేస్తాను.

ముందు కిలోమీటర్ల సంగతి. మా మనవడి దగ్గర ఒక గ్లోబు ఉంది. మీ ఇళ్ళల్లో కూడా ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాదు మీద ఒక కొస, డల్లాసు మీద ఒక కొస పెట్టి బిగించి లాగండి. గోడ మీది మ్యాపు చూసి మనం విమానం పడమరగా అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ దాటి వెళుతుందనుకుంటాం. దారం ఆ మాట చెప్పదు. అది దాదాపు నేరుగా ఉత్తరానికి లేస్తుంది. ఢిల్లీ మీదుగా, మధ్య ఆసియా, సైబీరియా మీదుగా పోయి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల పక్క నుంచి దాటి, కెనడా మీదుగా టెక్సాసుకు దిగుతుంది. కారణం సులభం. హైదరాబాదు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఉంది. డల్లాసు 97 డిగ్రీల పడమర. రెండూ కూడితే 175. భూమికి మనం ఒక పక్క అయితే వాళ్ళు దాదాపు అవతలి పక్క. అవతలి పక్కకు పోవాలంటే నడినెత్తి మీదుగా పోవడమే దగ్గర.

ఆ దారి పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు గనుక ఈ లోకంలో ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా 20,000 కంటే ఎక్కువ దూరం ఉండదు. ఉండగలిగినంత దూరంలో నూటికి 72 వంతుల దూరం మన పిల్లలు పోయి కూర్చున్నారన్నమాట.

అయితే దారం పోయినట్టు విమానం పోదు. మనకు పట్టాలున్నట్టే వాళ్ళకూ ఆకాశంలో దారులున్నాయి. పైగాలులు, దారిలో అవసరమైతే దిగడానికి విమానాశ్రయాలు, ఏ దేశం తన ఆకాశంలోకి రానిస్తుంది, ఏది రానివ్వదు, ఇవన్నీ చూసుకుని దారి వేస్తారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం చాలా పాశ్చాత్య విమానాలకు మూతపడింది. 2025 ఏప్రిలులో పాకిస్తాన్ మన దేశపు విమానాలకు దారి మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. అదే ఏడు జూనులో గల్ఫ్ ఆకాశం కొన్ని గంటలు మూసుకుపోతే వేలమంది మధ్యలో చిక్కుకున్నారు. సెక్షను బ్లాకయితే బండి ఎలా ఆగుతుందో మనకు తెలియనిది కాదు. అందుకే టికెట్టు కొనే వారంలో ఏ దారి తెరిచి ఉందో కనుక్కోండి. పోయినేడు వెళ్ళివచ్చినవారి మాట ఈ ఏటికి పనికి రాకపోవచ్చు.

ఇంకొక మాట. హైదరాబాదు నుంచి అమెరికాకు ఎక్కడా దిగకుండా పోయే విమానం 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు మొదలుపెట్టింది. పదహారు, పదిహేడు గంటల ప్రయాణం. కొంతకాలం నడిచి అది ఆగిపోయింది. డల్లాసు పోవాలంటే మధ్యలో ఒకచోట బండి మారవలసిందే.

ఎక్కడ మారాలి అన్నది పెద్దవాళ్ళకు ముఖ్యమైన విషయం. రెండు దారులు లెక్క కట్టి చూపిస్తాను. ఒకటి దుబాయి మీదుగా. హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. దుబాయి నుంచి డల్లాసు సుమారు 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు. రెండోది లండను మీదుగా. హైదరాబాదు నుంచి లండను సుమారు 7,750 కిలోమీటర్లు, పది గంటలు పైన. లండను నుంచి డల్లాసు సుమారు 7,600, మళ్ళీ పది గంటలు. కూడి చూడండి. రెండు దారులూ దాదాపు 15,400 కిలోమీటర్లే. తేడా సుమారు నూరు కిలోమీటర్లే. కానీ ఒకదానిలో నాలుగు, పదహారు. రెండోదానిలో పది, పది.

మోకాళ్ళ నొప్పులున్నవారికి, తరచు మూత్రానికి లేవవలసినవారికి పదహారు గంటలు ఏకబిగిన కూర్చోవడం కంటే పది గంటలకొకసారి దిగి నడవడం మేలు. మధ్యలో బండి మారడమంటేనే కంగారు పడేవారికి మొదట్లోనే మారిపోయి, తరువాత ఒకే సీట్లో పడుకుని పోవడం మేలు. మీ శరీరం సంగతి మీకు తెలుసు. టికెట్టు కొనేది మీ అబ్బాయో, అమ్మాయో. వాళ్ళు ధర చూస్తారు, మొత్తం గంటలు చూస్తారు. ఈ విభజన వాళ్ళకు తట్టదు. మీరే చెప్పాలి. దారిలో దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలో వద్దో కూడా డబ్బు కట్టక ముందే అడగమనండి.

కనెక్షన్ బండి సంగతి మనకు చెప్పనక్కరలేదు. మొదటి బండి లేటయితే రెండోది ఆగదు. అందుకని రెండు విమానాలకూ ఒకే టికెట్టు, ఒకే పీఎన్ఆర్ ఉండేలా చూసుకోండి. అప్పుడు మొదటిది లేటయి రెండోది తప్పిపోతే తరువాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది. విడివిడిగా కొంటే ఆ నష్టం మనది. మధ్యలో మూడు నుంచి ఐదు గంటల వ్యవధి ఉంటే మంచిది. గంటన్నర వ్యవధి కుర్రవాళ్ళకు. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్టు కొనేటప్పుడే చెప్పండి. దానికి డబ్బు తీసుకోరు. నడవగలిగినవాళ్ళం, కుర్చీలో కూర్చోవడమేమిటని నేను మొదట బింకానికి పోయాను. దుబాయిలో ఒక గేటు నుంచి ఇంకొక గేటుకు నడిచేసరికి బింకం దిగిపోయింది.

ఇక మా ఇంటావిడ ప్రశ్న. ఎన్ని గంటలు? టికెట్టు మీద ఇరవై నాలుగు గంటలని ఉంది. నేను అదే చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మన గుమ్మం దగ్గర నుంచి వాడి గుమ్మం దాకా చెప్పండి" అంది. అప్పుడు కాగితం తీసి రాశాను. కాజీపేటలో మా ఇంటి నుంచి శంషాబాదుకు మూడున్నర గంటలు. అక్కడ సామాను ఇవ్వడం, ఇమ్మిగ్రేషన్, తనిఖీ, నిరీక్షణ, మరో మూడున్నర. దుబాయికి నాలుగు. దుబాయిలో నాలుగు. డల్లాసుకు పదహారు. అక్కడ ఇమ్మిగ్రేషన్, సామాను, రెండు. మా అబ్బాయి ఇంటికి కారులో ఒక గంట. మొత్తం ముప్ఫై నాలుగు గంటలు. అందులో గాలిలో ఉండేది ఇరవై. మిగతా పద్నాలుగు గంటలు నేల మీదే, లైన్లలో, కుర్చీల్లో. మనల్ని అలసటకు గురిచేసేది ఎక్కువగా ఆ పద్నాలుగే.

ఇప్పుడొక తమాషా. మే నెలలో ఒక సాయంత్రం ఆరు గంటలకు కాజీపేటలో ఇల్లు తాళం వేశాము. డల్లాసులో మా అబ్బాయి ఇంటి గుమ్మం ఎక్కేటప్పటికి వాళ్ళ గోడ గడియారం మరునాటి సాయంత్రం ఐదున్నర చూపిస్తోంది. "ఇరవై మూడున్నర గంటలే పట్టింది, మీరు ముప్ఫై నాలుగన్నారు" అంది మా ఇంటావిడ. తేడా పదిన్నర గంటలు గడియారాలది. మన దేశమంతటికీ ఒకటే టైము. అమెరికాలో పలు టైములు. ఆ ఏర్పాటు చేసింది ఎవరనుకున్నారు? రైల్వేలే. పూర్వం అక్కడ ఊరికొక టైము ఉండేదట. బండ్లు నడపడం కష్టమై, 1883 నవంబరు 18న అక్కడి రైల్వేలు దేశాన్ని టైము మండలాలుగా విభజించాయి. డల్లాసు సెంట్రల్ మండలంలో ఉంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్ళు మనకంటే పదిన్నర గంటలు వెనక. చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఈ గంట మార్పు గుర్తుపెట్టుకోండి. లేకపోతే పిల్లలను తెల్లవారుజామున లేపేస్తారు.

తిరుగు ప్రయాణంలో ఆ పదిన్నర గంటలూ మనం తిరిగి చెల్లించాలి. శనివారం బయలుదేరితే సోమవారం చేరతాం. ఆకాశంలో మాత్రం గంట, గంటన్నర తక్కువ పడుతుంది. అంత ఎత్తున గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. దూరం అదే, టైము వేరు.

ఈ గంటల గందరగోళం వల్ల మాకు జరిగిన ఒక పొరపాటు చెబుతాను. మన ఇళ్ళల్లో షుగరు లేనివారు తక్కువ గనుక శ్రద్ధగా వినండి. మా ఇంటావిడ రోజూ పొద్దున టిఫినుకు ముందు షుగరు మాత్ర వేసుకుంటుంది. దుబాయిలో తెల్లవారింది. మాత్ర వేసుకుని తిన్నది. విమానం పొద్దున్నే బయలుదేరింది. సూర్యుడితో పాటు పడమరకే పోతున్నాం గనుక ఆ పదహారు గంటలూ బయట పగలే. లోపల మాత్రం దీపాలు ఆర్పి, కిటికీలు మూసి, అందరినీ పడుకోబెట్టారు. కొన్ని గంటలయ్యాక దీపాలు వేసి రొట్టె, వెన్న తెచ్చిపెట్టారు. ఆవిడ నిద్ర లేచి, తెల్లవారిందనుకుని ఇంకో మాత్ర వేసుకుంది. రొట్టె నచ్చక తినలేదు. అరగంటలో చెమటలు, చేతులు వణుకు. నాకేమీ తోచలేదు. పక్క సీటులో ఉన్న అమ్మాయి చూసి పిలిస్తే, విమాన పరిచారిక పరుగున వచ్చి పళ్ళరసంలో చక్కెర కలిపి తాగించింది. కాసేపటికి తేరుకుంది. ఎనిమిది గంటల తేడాలో రెండు పొద్దుటి మాత్రలు పడ్డాయన్నమాట.

తప్పు నాది. స్టేషన్ మాస్టరునై ఉండి ఏ గడియారం ప్రకారం నడవాలో నిర్ణయించకుండా బండి ఎక్కాను. వచ్చేటప్పుడు ఆ పొరపాటు చేయలేదు. నెల ముందే డాక్టరుగారిని అడిగి, ఏ మాత్ర ఎన్ని గంటల తరువాత అన్నది కాగితం మీద రాయించుకున్నాము. ఇల్లు చేరేదాకా నా చేతి గడియారం ముల్లు మార్చలేదు. మీరు కూడా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు "అమెరికా పోతున్నాం" అని ఊరుకోకండి. "గుమ్మం నుంచి గుమ్మానికి ముప్ఫై నాలుగు గంటలు, గడియారం పదిన్నర గంటలు వెనక్కి పోతుంది" అని చెప్పండి. ఆ లెక్క ఉంటేనే ఆయన సరిగా రాయగలరు. మందులన్నీ, ముఖ్యంగా ఇన్సులిన్, చేతి సంచిలోనే ఉండాలి. కింద సామానులో వేస్తే గడ్డకట్టే ప్రమాదముంది, సామాను తప్పిపోతే అసలే ఉండదు. మందుల చీటీ నకలు దగ్గర ఉంచుకోండి.

గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ఇంకొక మాట. విమానం పది కిలోమీటర్లకు పైన ఎగిరినా లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నంత ఉంచుతారు. అంటే మనం పదహారు గంటలు దాదాపు ఊటీ కొండ మీద కూర్చున్నట్టే. ఆరోగ్యవంతులకు పరవాలేదు. ఈమధ్యనే ఆపరేషన్ అయినవారు, మెట్లెక్కితే ఆయాసపడేవారు డాక్టరు అనుమతి లేనిదే ఎక్కకూడదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. గంటకో, రెండు గంటలకో లేచి నడవండి. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, నీళ్ళు తాగండి. బాత్రూముకు లేవాలని నీళ్ళు మానేయడం మన ఆడవాళ్ళు చేసే పని. ఆ లేవడమే కాళ్ళకు మందు.

చేరిన తరువాత పగలు నిద్ర, రాత్రి మెలకువ. శరీరం రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుందంటారు. ఆ లెక్కన పది రోజులు. మాకు అంతే పట్టింది. అందుచేత కోడలి పురుడుకో, కూతురి పురుడుకో సాయంగా వెళ్ళేవారు రెండు వారాల ముందే చేరండి. వాళ్ళకు సాయం కావలసిన రోజుకు మనం మెలకువగా ఉండాలి కదా.

ఇంతవరకు చెప్పినవి ఎవరైనా చెప్పగలరు. ఇక చెప్పబోయేది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పమని మా ఇంటావిడే అంది.

ఆగస్టులో ఒక గురువారం రాత్రి తొమ్మిది గంటలకు డల్లాసులో ఫోను మోగింది. ఇక్కడ శుక్రవారం పొద్దున ఏడున్నర. మా అన్న కొడుకు. "చిన్నాన్నా, బాపు లేడు" అన్నాడు. తెల్లవారుజామున ఐదు గంటలకు గుండెపోటు. ఆస్పత్రికి తీసుకుపోయే లోపలే అయిపోయింది. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. గార్డు పెట్టె మీద కూర్చోబెట్టుకుని నాకు ఎక్కాలు నేర్పినవాడు.

"ఐస్ బాక్సు తెప్పించాం, మీరు వచ్చేదాకా ఉంచుతాం చిన్నాన్నా" అన్నాడు వాడు. "ఉంచండి, వస్తున్నాను" అన్నాను. వేరే మాట ఎలా వస్తుంది?

మా అబ్బాయి వెంటనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. దొరికిన మొదటి విమానం మరునాడు మధ్యాహ్నం పన్నెండుకు. నేను కాగితం తీసుకున్నాను. విమానం కోసం పదిహేను గంటలు. దుబాయికి పద్నాలుగున్నర. అక్కడ మూడున్నర. శంషాబాదుకు మూడున్నర. బయటికి రావడానికి రెండు. కాజీపేటకు మూడున్నర. మా ఇంటావిడ పక్కన నిలబడి, "ఎన్ని గంటలు?" అంది. నలభై రెండు అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అక్క డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై రెండు గంటలు ఆ పెట్టె పక్కన కూర్చుంటుందా?" అంది.

నా దుఃఖంలో నేను నా గంటలు లెక్క పెట్టుకున్నాను గాని వదిన గంటలు లెక్క పెట్టలేదు. పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, నిద్ర లేకుండా ఆవిడా, మనుమలూ, ఇంటినిండా బంధువులూ. నాలుగు సంవత్సరాలుగా ఆవిడకు రక్తపోటు. నేను వచ్చి చూసేది అన్నయ్య ముఖం. అందుకు ఆవిడ చెల్లించేది నలభై రెండు గంటలు.

పది నిమిషాల తరువాత మళ్ళీ ఫోను చేశాను. "నా కోసం ఆపవద్దు. ఈరోజే కానివ్వండి. నేను ఆదివారానికి వస్తాను" అని చెప్పాను. వాడు ఏడ్చాడు. "మీరు ఏమనుకుంటారోనని మేము ఎవ్వరమూ ఆ మాట అనలేకపోయాం చిన్నాన్నా" అన్నాడు. ఫోనులో చూపిస్తామన్నారు. చూశాను. ఎందుకు చూశానా అనుకున్నాను, చూడకపోతే ఇంకా బాధపడేవాణ్ణేమో. ఆదివారం తెల్లవారుజామున ఇల్లు చేరాను. మా అన్న కొడుకుతో కలిసి కాళేశ్వరం వెళ్ళి గోదావరిలో అస్థికలు కలిపాను. వదిన నన్ను చూసి, "ఇంత దూరం నుంచి ఒక్కడివే వచ్చావా" అంది. అంతే.

ఆపవద్దన్నది సరైన నిర్ణయమేనా అని కొందరు బంధువులు అడిగారు. ఎవరి ఇంటి ఆచారం వారిది, ఎవరి మనసు వారిది. ఆపి ఉంచి, అందరూ చేరాక చేసుకున్నవారిని నేను తప్పుపట్టను. నాకు బాధ కలిగించేది వేరు. బయలుదేరే ముందు రోజు అన్నయ్య ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాను. ఎన్ని కేజీల ఆవకాయ తీసుకుపోనిస్తారు అని మాట్లాడుకున్నాం. గూడ్సు బండి లెక్క వేసుకుని నవ్వుకున్నాం. ఆయనకు ఎనభై ఒక్కటి, నాకు డెబ్బై రెండు. ఇద్దరిలో ఎవరికైనా ఏమైనా అయితే రెండోవాడు వచ్చేదాకా ఆపాలా వద్దా అని ఒక్క మాట అనుకోలేదు. అనుకుని ఉంటే, ఆ రాత్రి మా అన్న కొడుకు మీద ఆ భారం పడేది కాదు. అన్నయ్య మాటే చెల్లేది.

అందుచేత వెళ్ళబోయేవారికి నా మనవి. అశుభం అనుకోకండి. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్సు కాగితాలతో పాటు ఒక గంటల కాగితం కూడా రాసుకోండి. మనం అక్కడ ఉండగా ఇక్కడ ఏదైనా జరిగితే ఎన్ని గంటల్లో రాగలం, మన కోసం ఆగాలా వద్దా, మన బదులు ఎవరు నిలబడాలి. మనకే అక్కడ ఏదైనా జరిగితే ఏం చేయాలి. ఈ నాలుగు మాటలు తోబుట్టువులతో, పిల్లలతో కూర్చుని మాట్లాడుకోండి. పది నిమిషాల పని. మా ఇంట్లో ఇప్పుడు ఆ కాగితం బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది.

ఇదే లెక్క ఇక్కడ ఉండిపోయినవారికీ వర్తిస్తుంది. మా అబ్బాయి మంచివాడు. నాకు ఒంట్లో బాగాలేదంటే ఆ క్షణమే బయలుదేరతాడు. అయినా టికెట్టు దొరికి, సెలవు దొరికి, నా మంచం పక్కకు చేరేసరికి రెండు రోజులు. గుండెపోటుకు, పక్షవాతానికి మొదటి గంటలే ముఖ్యమని డాక్టర్లు మనకు ఎన్నోసార్లు చెప్పారు. ఆ గంటలో వచ్చేది కొడుకు కాదు, పక్కింటివాళ్ళు. కనుక ప్రతి సభ్యుడూ ఒక గంట లోపల రాగల ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు రాసి గోడకు తగిలించాలని, వాటి నకలు మన సంఘం ఆఫీసులో ఉంచాలని కార్యదర్శిగారిని కోరుతున్నాను. ఒంటరిగా ఉంటున్న సభ్యులకు ఆ ముగ్గురిలో ఒకరు మన సంఘం సభ్యులే కావాలి.

పింఛను సంగతి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన జీవన ప్రమాణ పత్రం నవంబరులో ఇవ్వాలి గదా. ఆ నెలలో అక్కడ ఉండేవారు కంగారుపడి ముందే తిరిగి రానక్కరలేదు. డిజిటల్ పద్ధతి 2014లో వచ్చింది. ముఖం చూపించి సెల్‌ఫోనులోనే ఇచ్చే వీలు 2021లో వచ్చింది. ఇక్కడుండగానే ఒకసారి చేసి నేర్చుకుని వెళ్ళండి. మన బ్యాంకులో ముందుగా ఒక మాట అడిగి వెళ్ళడం ఇంకా మంచిది.

వెళ్ళవద్దని నేను చెప్పడం లేదు. మా మనవరాలిని పుట్టిన మూడో రోజున ఒడిలోకి తీసుకున్నాను. ఆ సంతోషానికి ముప్ఫై నాలుగు గంటలు ఎక్కువ కాదు. మళ్ళీ వచ్చే ఏడు వెళదామనుకుంటున్నాం. ఈసారి లండను మీదుగా, పది గంటలు, పది గంటలు. వెళ్ళే ముందు వదిన దగ్గర ఒక పూట కూర్చుని, ఆ కాగితం చదివి వినిపించి వెళతాను.

ఎంత దూరం అని ఎవరైనా అడిగితే కిలోమీటర్లు చెప్పండి, తప్పు లేదు. ఆ వెంటనే గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలో కూడా చెప్పండి. మీరు బయలుదేరే ముందు ఆ లెక్క ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

 భోజనాల వేళ దాటిపోతోంది, లైను క్లియర్ ఇచ్చి సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.